వృద్ధుల స్వర సమస్యలకు దూరచికిత్స

వయసు మీదపడ్డాక గొంతు పీలబడినవారికి, బొంగురుపోయినవారికి స్పీచ్ థెరపిస్టు వీడియో కాల్‌లో గానీ ఫోన్‌లో గానీ స్వర వ్యాయామాలు నేర్పి, సాధన చేయించి, మార్పును గమనిస్తూ పోయే చికిత్సా విధానాన్ని స్వర దూరచికిత్స అంటారు. ఇందులో మందు ఉండదు, కోత ఉండదు. ఊపిరి, స్వరపేటిక, నోరు, ఈ మూడింటినీ కలిపి వాడే తీరును మార్చడమే చికిత్స. థెరపిస్టు పనిలో ఎక్కువ భాగం వినడం, చేసి చూపడం, దిద్దడం. రోగి మీద చెయ్యి వేయాల్సిన అవసరం అరుదుగానే వస్తుంది. అందుకే ఇది ఫిజియోథెరపీ కంటే సులువుగా తెరమీదికి వచ్చింది. అయితే వ్యాయామం తెర దాటి వెళ్లినంత బాగా గొంతు బలం వెళ్లదు. దాటేలోపే అది మారిపోతుంది. స్వరపేటిక లోపలి దృశ్యమైతే దాటనే దాటదు. ఈ చికిత్సలోని మంచిచెడ్డలు చాలావరకు ఈ తేడా దగ్గరే తేలతాయి.

వయసు గొంతును ఏం చేస్తుంది

స్వరపేటికలో ఎదురెదురుగా ఉండే రెండు స్వరతంత్రులు మాట్లాడేటప్పుడు దగ్గరికి వచ్చి కంపిస్తాయి. నడివయసు మగవారిలో ఆ కంపనం సెకనుకు దాదాపు 120 సార్లు, ఆడవారిలో 200 సార్లకు కాస్త పైన ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ తంత్రుల లోపలి కండరం పలచబడుతుంది. దానిపై పొరలో సాగే గుణమిచ్చే ఎలాస్టిన్, తేమను పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లం తగ్గి, కొల్లాజెన్ బిరుసెక్కుతుంది. నిటారుగా ఉండాల్సిన అంచులు విల్లులా వంగి, గొంతు మూసుకున్నప్పుడు కూడా మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి కారిపోతుంది. చుట్టూ ఉన్న మృదులాస్థి గట్టిపడుతుంది, ఊపిరితిత్తుల బిగువూ సడలుతుంది. అంటే గాలి ఖర్చు పెరిగే వయసులోనే గాలి రాబడి తగ్గుతుంది.

ఫలితంగా గొంతులో గాలి ఎక్కువ, శబ్దం తక్కువ అవుతుంది. కాసేపు మాట్లాడితే అలసట వస్తుంది. పెళ్లి పందిట్లో పక్కనున్నవారికి కూడా మాట అందదు. మగవారి శ్రుతి కాస్త పైకి పోతుంది. ఆడవారిది ముట్లు ఆగిన తర్వాత కిందికి దిగుతుంది. ఫోన్ ఎత్తిన తాతగారిని అవతలివారు ‘అమ్మా’ అని పిలవడం థెరపిస్టులకు కొత్త ఫిర్యాదేమీ కాదు. ఈ స్థితిని వైద్యులు ప్రెస్బిఫోనియా అంటారు. మిగతా కారణాలన్నీ కావని తేలాకే ఈ పేరు పెట్టాలి.

ఆ మిగతా కారణాల జాబితా పెద్దదే. పార్కిన్సన్స్ వ్యాధి, పక్షవాతం, థైరాయిడ్ శస్త్రచికిత్సలో నరం దెబ్బతిని ఒక తంత్రి కదలకపోవడం, వణుకు, కడుపులోని ఆమ్లం పైకి తన్నడం, గొంతు కండరాలను బిగబట్టి మాట్లాడే అలవాటు, ఆస్తమా ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ వల్ల వచ్చే ఫంగస్, నోరు ఎండబెట్టే మందులు, చివరగా స్వరపేటిక క్యాన్సర్. అమెరికాలో నెల్సన్ రాయ్, జోసెఫ్ స్టెంపుల్ తదితరులు 65 ఏళ్లు దాటిన 117 మందిని ప్రశ్నించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో 47 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్వర సమస్య ఎదుర్కొన్నామన్నారు. 29 శాతం మందికి ఆ సమయంలోనే సమస్య ఉంది. చిన్న అధ్యయనమే అయినా, ఇంట్లోవాళ్లు ‘వయసైపోయింది, గొంతూ అంతే’ అని వదిలేసే విషయం ఎంతమందిలో ఉందో అది చెబుతుంది.

స్వరపేటికను చూశాకే

దూరచికిత్సలో అన్నిటికంటే గట్టిగా పాటించాల్సిన నియమం చికిత్స మొదలుకాకముందే వస్తుంది. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2018లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం బొంగురు నాలుగు వారాల్లో తగ్గకపోతే స్వరపేటికను కెమెరాతో చూడాలి. 2009 నాటి మార్గదర్శకాలు మూడు నెలల గడువు ఇచ్చేవి. స్వర చికిత్సకు పంపేముందు కూడా స్వరపేటికను చూసి తీరాలని అవే చెబుతాయి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగినవారి విషయంలోనూ, మెడలో గడ్డ, మింగడంలో ఇబ్బంది, కఫంలో రక్తం, ఊపిరి పీల్చేటప్పుడు శబ్దం, కారణం తెలియని చెవినొప్పి, బరువు తగ్గడం ఉన్నవారి విషయంలోనూ నాలుగు వారాలు కూడా ఆగకూడదు. తొలిదశ స్వరపేటిక క్యాన్సర్ బొంగురు, ముసలితనపు బొంగురు ఫోన్‌లో ఒకేలా వినిపించవచ్చు. ఎంత అనుభవమున్న చెవి అయినా వాటిని వేరుచేస్తానని చెప్పుకోవడం మంచిది కాదు.

కాబట్టి మొదటి అడుగు ఈఎన్‌టీ డాక్టర్ గదిలోనే పడాలి. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసే పరీక్ష కొద్ది నిమిషాల పని. ఆ వీడియోను థెరపిస్టుకు పంపితే తంత్రుల మధ్య సందు ఎంతుందో, ఒక తంత్రి కదలడం లేదేమో, ఏ వ్యాయామం నప్పుతుందో ముందే తెలుస్తుంది. సందు మరీ పెద్దదైతే తంత్రిలోకి ఇంజెక్షన్‌తో పదార్థం నింపడమో, జపాన్ వైద్యుడు నొబుహికో ఇషికి 1970లలో రూపొందించిన థైరోప్లాస్టీ చేయడమో జరుగుతుంది. వ్యాయామం ఆ తర్వాత కూడా ఉంటుంది. వణుకు గొంతుకు మాత్రం వ్యాయామం ఒక్కటే పెద్దగా ఉపకరించదు.

టెలిఫోన్ నుంచి తెర దాకా

ఇది కోవిడ్ కాలంలో పుట్టిన పద్ధతని చాలామంది అనుకుంటారు. కానీ అలబామాలోని బర్మింగ్‌హామ్ మాజీ సైనికుల ఆసుపత్రిలో గ్వెనిత్ వాన్ అనే నిపుణురాలు దూరప్రాంతాల రోగులకు మామూలు టెలిఫోన్ ద్వారానే మాట, భాష చికిత్స అందించి 1976లోనే ఆ అనుభవాన్ని ప్రచురించింది. మేయో క్లినిక్ 1980ల చివర్లో ఉపగ్రహం ద్వారా మాట లోపాలను పరీక్షించింది. స్వర చికిత్సకు నేరుగా సంబంధించిన తొలి గట్టి పరీక్ష హవాయిలో జరిగింది. హొనొలులులోని ట్రిప్లర్ సైనిక వైద్య కేంద్రంలో పాలిన్ మషిమా బృందం 72 మంది రోగుల్లో కొందరికి ఎదురుగా కూర్చుని, కొందరికి పక్కగదిలోంచి వీడియోలో అవే వ్యాయామాలు నేర్పింది. 2003లో ప్రచురించిన ఫలితాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పక్కగది దూరమేమిటని నవ్వొచ్చు గానీ, తెర అడ్డు వచ్చినంత మాత్రాన చికిత్స చెడదని తేల్చడానికి కావలసింది ఆ అమరికే. రోగి ఇంటినుంచి మాట్లాడి ఉంటే తేడా తెర వల్ల వచ్చిందో, ఇంట్లో గోల వల్ల వచ్చిందో తెలిసేది కాదు.

వృద్ధుల విషయంలో ఎక్కువ పని ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. వైద్య కేంద్రాలకు వందల కిలోమీటర్ల దూరంలో రోగులుండే దేశం అది. డెబొరా థియోడొరోస్, గాబ్రియెల్లా కాన్‌స్టాంటినెస్కు బృందం 34 మంది పార్కిన్సన్స్ రోగులను రెండుగా విడదీసి, సగం మందికి ఆన్‌లైన్‌లో, సగం మందికి నేరుగా చికిత్స ఇచ్చింది. ఆన్‌లైన్ చికిత్స నేరు చికిత్సకు తీసిపోలేదని 2011లో ప్రకటించింది. వాళ్లు వాడిన లైను వేగం సెకనుకు 128 కిలోబిట్లు మాత్రమే. ఈరోజు పల్లెల్లోని మొబైల్ సిగ్నల్ కూడా తరచు అంతకంటే మెరుగ్గా ఉంటుంది.

ఏం చేయిస్తారు

పార్కిన్సన్స్ రోగులకు బాగా పేరున్న పద్ధతి ఎల్‌ఎస్‌వీటీ లౌడ్. లొరెయిన్ రేమిగ్ 1987 ప్రాంతంలో రూపొందించిన ఈ చికిత్సకు అరిజోనాకు చెందిన లీ సిల్వర్‌మన్ అనే పార్కిన్సన్స్ రోగి పేరు పెట్టారు. ఈ వ్యాధిలో చిక్కేమిటంటే రోగికి తన గొంతు తగ్గినట్టే తెలియదు. ‘నేను బాగానే మాట్లాడుతున్నాను, మా ఆవిడకే చెవుడు’ అనే భర్తలు ఈ వ్యాధి చూసే క్లినిక్‌లలో తరచు కనిపిస్తారు. అందుకే చికిత్స అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: గట్టిగా. దీర్ఘంగా ‘ఆ’ అనడం, శ్రుతి పైకీ కిందికీ తీసుకెళ్లడం, రోజూ వాడే పది వాక్యాలను అదే బలంతో పలకడం. వారానికి నాలుగు రోజుల చొప్పున నాలుగు వారాలు, రోజుకో గంట. మొత్తం పదహారు సెషన్లు. పాడేరు నుంచి విశాఖకో, భద్రాచలం నుంచి హైదరాబాద్‌కో ఒక ముసలాయన పదహారు సార్లు వెళ్లిరావాలంటే వెంట ఇంకొకరి పనిదినాలు కూడా పోతాయి. ఈ పద్ధతి విషయంలో దూరచికిత్స అవసరం అందరికంటే ముందు గుర్తుకు రావడానికి ఆ లెక్కే కారణం.

వయసు వల్లే బలహీనపడిన గొంతుకు రెండు పద్ధతులు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. స్టెంపుల్ రూపొందించిన స్వర వ్యాయామాల్లో నాలుగు అంచెలుంటాయి: ఒకే శ్రుతిలో వీలైనంత మెత్తగా, వీలైనంత సేపు ‘ఈ’ అనడం, కింది నుంచి పైకి జారడం, పై నుంచి కిందికి జారడం, ఐదు స్వరస్థానాల్లో ఒక్కొక్క దానిమీద నిలవడం. ప్రతిదీ రెండుసార్లు, రోజుకు రెండు పూటలు. గడియారం పెట్టుకుని ఎన్ని సెకన్లు నిలిచారో రాసుకోవాలి. సంగీతం వాసన ఉన్న ఇళ్లలో ఇది వెంటనే పట్టుబడుతుంది; ఫోన్‌లో శ్రుతిపెట్టె యాప్ పెట్టుకుంటే స్థాయి తప్పదు. రెండోది ఆరన్ జీగ్లర్, ఈడీ హాప్నర్ తదితరులు పరీక్షించిన ఫోర్టే. ఇది మెత్తదనానికి వ్యతిరేకం. బలమైన ‘ఆ’, బలమైన ఆరోహణ అవరోహణలు, తర్వాత వాక్యాలను ఒకసారి వీధి అవతలి మనిషిని కేకేసినట్టు పై శ్రుతిలో, ఇంకోసారి ఆజ్ఞ ఇచ్చినట్టు కింది శ్రుతిలో పలకడం. ఇక్కడే తర్జుమా చేసిన వాక్యాలు పనికిరావు. ‘ఒరేయ్ రాముడూ, ఇటు రారా’, ‘కూరగాయలబ్బీ, ఆగు’ లాంటివి రోగే ఎంచుకోవాలి. ఆ ఇంట్లో ఎలాగూ అరవాల్సిన మాటలైతే సాధన విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జీగ్లర్ బృందం 2014లో ప్రచురించిన చిన్న పోలికలో ఈ రెండు పద్ధతులూ మేలు చేశాయి. చికిత్స లేనివారిలో అలాంటి మార్పు రాలేదు.

స్ట్రాలోంచి ఊదుతూ గొంతు పలికించే వ్యాయామం వీటికి తోడుగా వాడతారు. నోటి దగ్గర దారి సన్నబడితే వెనక్కి వచ్చే ఒత్తిడి వల్ల తంత్రులు తక్కువ శ్రమతో కంపిస్తాయని ఇంగో టిట్సె పరిశోధనలు వివరించాయి. గ్లాసు నీళ్లలో బుడగలు తెప్పించే రూపం ఫిన్‌లాండ్ నుంచి వచ్చింది. దూరచికిత్సకు ఇది బాగా కుదురుతుంది. బుడగలు కంటికి కనిపిస్తాయి కనుక శబ్దం సరిగా అందకపోయినా ఊపిరి నిలకడగా ఉందో లేదో తెలిసిపోతుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవారితో మాత్రం నీళ్ల గ్లాసు పెట్టించకుండా ఉత్త స్ట్రా చాలనుకోవాలి.

తీగ మీద గొంతు

దూరచికిత్సలో థెరపిస్టును ఎక్కువగా మోసం చేసేది సాఫ్ట్‌వేర్. వీడియో కాల్ యాప్‌లను సమావేశాల కోసం తయారుచేశారు. ఫ్యాను రొద, ఏసీ మోత లాంటి మారని శబ్దాలను గుర్తుపట్టి తుడిచేయడం వాటికి నేర్పారు. పదిహేను సెకన్లపాటు మారకుండా సాగే ‘ఆ’ ఆ యాప్ లెక్కలో ఫ్యాను రొద లాంటిదే. నాలుగైదు సెకన్లు కాగానే శబ్దం సన్నగిల్లుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. ఇవతల థెరపిస్టు ‘ఊపిరి అయిపోయిందా?’ అంటుంటే అవతల పెద్దాయన మొహం ఎర్రబడేలా ఇంకా పలుకుతూనే ఉంటాడు. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే అమరిక పెడితే ఈ తుడిచివేత ఆగుతుంది. అన్ని యాప్‌లలో ఆ వెసులుబాటు ఉండదు.

దీనికంటే గుట్టుగా పనిచేసేది శబ్దస్థాయిని దానంతటదే సరిచేసే ఏర్పాటు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే యాప్ పెంచుతుంది, గట్టిగా మాట్లాడితే తగ్గిస్తుంది. మామూలు మాటలకు అది సుఖమే. ‘గట్టిగా’ అన్నదే చికిత్స అయినచోట అది చికిత్సను కంటికి కనబడకుండా చేస్తుంది. మొదటిరోజు గుసగుసలా మాట్లాడిన రోగీ, పదహారో రోజు గదిని నింపే రోగీ థెరపిస్టు స్పీకర్‌లో ఇంచుమించు ఒకటే. క్వీన్స్‌లాండ్ బృందం అందుకే రోగి దగ్గరే శబ్దాన్ని కొలిచి ఆ అంకెను థెరపిస్టుకు పంపే పరికరం వాడింది. ఆ పరికరం లేని ఇళ్లలో రెండో ఫోన్‌లో డెసిబెల్ యాప్ తెరిచి, నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో ప్రతిసారీ అదే చోట పెట్టి, అంకెను ఇంట్లోవాళ్లు చదివి చెప్పడం నడిచే మార్గం. యాప్ చూపే అంకె నిజమైన డెసిబెళ్లకు సరిపోకపోవచ్చు. అదే ఫోన్, అదే దూరం, అదే గది అయితే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మాత్రం నమ్మొచ్చు.

మూడోది ఆలస్యం. శబ్దం ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం. అంతకంటే తక్కువలో ఉన్నా ఇద్దరూ కలిసి పలకడం కుదరదు. ఒకరి గొంతు ఇంకొకరిని కోసేస్తుంది. క్లినిక్‌లో థెరపిస్టు, రోగి గొంతు కలిపి చేసే సాధన తెరమీద వంతులవారీగా మారుతుంది. ముందు ఆమె, తర్వాత ఆయన. అనుభవమున్న థెరపిస్టులు చేతి సైగలతో నడిపిస్తారు: అరచెయ్యి పైకెత్తితే శ్రుతి పెంచమని, వేళ్లు మూస్తే ఆపమని.

కొలతల విషయంలోనూ జాగ్రత్త కావాలి. కాల్‌లో వినిపించే గొంతునుంచి సగటు శ్రుతి వరకు లెక్కించవచ్చు. కంపనాల మధ్య చిన్నచిన్న ఎగుడుదిగుళ్లను చూపే జిట్టర్, షిమ్మర్ లాంటి కొలతలు కుదించిన శబ్దంలో చెడిపోతాయి. వాట్సాప్ వాయిస్ నోట్ కూడా కుదించినదే, చెవితో వినడానికి చాలు. కొలవాలంటే రోగి ఫోన్‌లోనే కుదించని ఫైలుగా రికార్డు చేసి పంపాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాట్‌తో దాన్ని విశ్లేషిస్తారు. చెవితో వేసే అంచనాకు జపాన్ వైద్యుడు మినోరు హిరానో పేరుతో ప్రచారంలోకి వచ్చిన గ్రబాస్ కొలమానం దూరం నుంచి కూడా పనికొస్తుంది. ‘స్’ ఎంతసేపు, ఇంగ్లీషు ‘z’లో వినిపించే నాదపు ఊష్మం ఎంతసేపు సాగదీయగలరో చూసే పరీక్ష మాత్రం ఇంగ్లీషు నోళ్లకు కుదిరినట్టు తెలుగు నోళ్లకు కుదరదు. ఆ రెండో ధ్వని మన హల్లుల పట్టికలో లేదు. ‘ఆ’ ఎన్ని సెకన్లు నిలుస్తుందో చూడటమే మేలు.

ఇల్లు, చెవి, తోడు

వృద్ధులు టెక్నాలజీని వాడలేరన్న మాటలో సగం నిజం ఉంది. ఒకసారి లింకు నొక్కడం వస్తే వారిలో చాలామంది అపాయింట్‌మెంట్ తప్పరు. అసలు అడ్డు వినికిడి. తన గొంతునే సరిగా వినలేని మనిషి తెరలోంచి వచ్చే ‘కాస్త మెత్తగా’ అన్న సూచనను పట్టుకోలేడు. వినికిడి యంత్రం ఉంటే అది ఫోన్‌తో కలిసేలా మొదటి సెషన్‌కు ముందే చూసుకోవాలి. కట్టుడు పళ్లు వదులైతే పలుకు చెడుతుంది, ఆ నింద గొంతు మీద పడుతుంది. కెమెరా మొహం ఒక్కటే చూపితే చాలదు. పొట్ట నుంచి తల దాకా కనబడితేనే భుజాలు ఎగరేసి ఊపిరి పీలుస్తున్నారా, మెడ నరాలు బిగుసుకుంటున్నాయా అన్నది తెలుస్తుంది.

పక్కన ఒకరుండటం ఇంటర్నెట్ వేగం కంటే ముఖ్యం. బలంగా, దీర్ఘంగా పలికించేటప్పుడు తల తిరగవచ్చు. పార్కిన్సన్స్ రోగి తూలవచ్చు. అందుకే ప్రతి సెషన్ మొదట్లో రోగి ఆ రోజు ఏ చిరునామాలో ఉన్నదీ, అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలన్నదీ థెరపిస్టు రాసుకోవడం మంచి పద్ధతి. తోడుండే కోడలో మనవడో వ్యాయామం కూడా నేర్చుకుంటారు. క్లినిక్‌లో ఆ అవకాశం తక్కువ, అక్కడ వాళ్లు బయట కుర్చీలో కూర్చుంటారు. సాధన నిలవాలన్నా తోడు కావాలి; నేరుగా జరిగే స్వర చికిత్సను మధ్యలో మానేసేవాళ్లు అసలే ఎక్కువ. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో హాప్నర్ బృందం 2009లో ప్రచురించిన లెక్కలో 65 శాతం మంది పూర్తిచేయకుండానే ఆపేశారు.

ఫలితాలు ఎంతవరకు

వృద్ధుల గొంతుపై ఇప్పటివరకు జరిగిన పెద్ద పరీక్షల్లో ఒకటి బ్రిటన్‌లో కేథరిన్ సాక్లీ నాయకత్వంలో నడిచి 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. 388 మంది పార్కిన్సన్స్ రోగులను మూడు వర్గాలుగా విడదీశారు: ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ పొందినవారు, ఆ దేశపు ప్రభుత్వ వైద్యంలో మామూలుగా ఇచ్చే స్పీచ్ థెరపీ పొందినవారు, ఏదీ పొందనివారు. ముప్పై ప్రశ్నలతో, 120 మార్కుల దాకా వెళ్లే స్వర ఇబ్బంది సూచికతో కొలిచారు. మూడు నెలలకు మొదటి వర్గం మిగతా రెంటికంటే మెరుగ్గా ఉంది. మామూలు థెరపీ పొందినవారికీ ఏదీ పొందనివారికీ తేడా కనబడలేదు. మధ్యలో కోవిడ్ రావడంతో సెషన్లు దూరం నుంచి కూడా సాగాయి. దీన్నిబట్టి తోచే సంగతి కొంచెం చేదుగానే ఉంటుంది: చికిత్స తెరమీద ఇస్తున్నారా ఎదుట ఇస్తున్నారా అన్నదానికంటే, ఎంత తీవ్రంగా ఎన్నిసార్లు ఇస్తున్నారన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. నెలకోసారి పది నిమిషాల వీడియో కాల్‌ను దూరచికిత్స అని పిలిచి తృప్తిపడే కార్యక్రమాలు ఈ ఫలితాన్ని చదవాలి. ఎల్‌ఎస్‌వీటీ పొందినవారిలో గొంతు బొంగురుపోవడం ఎక్కువగా కనిపించిన మాటా అదే అధ్యయనం చెప్పింది. కనుక ‘గట్టిగా’ అన్నది ‘బిగబట్టి’ కాకుండా చూసే చెవి ఒకటి కావాలి.

వయసు వల్లే వచ్చే బలహీనతకు ఆన్‌లైన్ చికిత్సపై ఆధారం ఇంత బలంగా లేదు. హవాయి అధ్యయనం, కండరాలు బిగబట్టే సమస్యపై జరిగిన చిన్న పోలికలు, పార్కిన్సన్స్ ఫలితాలు, వీటిని కలిపి చూసి నిపుణులు దాన్ని సమర్థిస్తున్నారు.

మన దగ్గర

కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి రిజిస్టరైన వైద్యులకు ఉద్దేశించినవి. స్పీచ్ థెరపిస్టులు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదవుతారు. ఫోన్‌లో గొంతు బాగుచేస్తామనే ప్రకటనలు పెరుగుతున్న కాలంలో ఆ నమోదు సంఖ్య అడగడం రోగి హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులోనే ఈ-సంజీవని అనే టెలిమెడిసిన్ సేవ ద్వారా పల్లె ఆరోగ్య కేంద్రాలను డాక్టర్లతో కలపడం మొదలైంది. ఈఎన్‌టీ పరీక్షకు దారి చూపడానికి అలాంటి వేదిక పనికొస్తుంది, పదహారు గంటల వ్యాయామానికి కాదు.

శిక్షణ పొందిన థెరపిస్టులు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రమున్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ లాంటి చోట్ల తయారవుతున్నారు. వారిలో ఎక్కువమంది నగరాల్లోనే పనిచేస్తారు. దూరచికిత్స ఇక్కడ భాషకు కూడా దారి తెరుస్తుంది: కొడుకు దగ్గర పుణేలో ఉంటున్న తెలుగు తల్లి హైదరాబాద్ థెరపిస్టుతో తన మాటల్లోనే సాధన చేయవచ్చు. ఆమె ఆర్నెల్లపాటు డాలస్‌లోని కూతురింటికి వెళ్లినప్పుడు సంగతి మారుతుంది. అమెరికాలో రోగి ఏ రాష్ట్రంలో కూర్చుని ఉంటే ఆ రాష్ట్ర లైసెన్సు థెరపిస్టుకు ఉండాలన్నది సాధారణ నియమం. రాష్ట్రాల మధ్య ఒప్పందంతో దాన్ని సడలించే ప్రయత్నం జరుగుతున్నా అది అక్కడి లైసెన్సు ఉన్నవారికే. ఇలాంటి ప్రయాణాలున్న కుటుంబాలు తీవ్రమైన నెలరోజుల దశను బయల్దేరేముందే పూర్తిచేసుకుని, అక్కడ ఉన్నన్నాళ్లూ నేర్చుకున్న వ్యాయామాన్నే రోజూ చేసుకోవడం ఉత్తమం.

ఆ రోజువారీ సాధన ఆగితే గొంతు మళ్లీ జారిపోతుంది, ముఖ్యంగా పార్కిన్సన్స్‌లో. టెక్సాస్‌లోని పార్కిన్సన్ వాయిస్ ప్రాజెక్ట్ అనే సంస్థ చికిత్స ముగించినవారిని వారంవారం ఒక గుంపుగా చేర్చి కలిసి పలికిస్తుంది, ఇంటి సాధన వీడియోలను ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచుతుంది. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో అలాంటి గుంపును నడపడానికి కావలసింది ఒక థెరపిస్టు, వారానికో గంట, తుడిచివేత ఆపిన ఒక వీడియో కాల్.